వాగు అడుగున రాళ్ళ కింద ఉండే పురుగులు పోతే నిజంగా ఏమన్నా అవుతుందా?

గులకరాయి (ప్రశ్న అడిగినవారు)

అందరికీ నమస్తే. నేను సైన్స్ చదివినవాణ్ణి కాదు, ప్రశ్న మరీ చిన్నపిల్లల ప్రశ్నలా ఉంటే ఏమీ అనుకోకండి.

మొన్న ఒక వాగులో కాళ్ళు పెట్టుకుని కూర్చుని, ఏమీ తోచక నీళ్ళలోంచి అరచేయంత రాయి ఒకటి తీసి తిరగేశాను. పైన అంతా పాకుడు, చేతిలోంచి జారిపోతోంది. కింది వైపు చూస్తే అక్కడో ఊరే ఉంది. బల్లపరుపుగా, తల వెడల్పుగా, వెనక మూడు సన్నటి తోకలతో ఉన్న పురుగు ఒకటి రాయిని వదలకుండా పీతలా పక్కకి పక్కకి జరుగుతోంది. ఇంకో మూల ఇసుక రేణువులు అతికించినట్టున్న చిన్న గొట్టం, అగ్గిపుల్లలో సగం కూడా ఉండదు, చెత్త అనుకుని గోటితో గీకబోతే అందులోంచి ఒక తల, కాళ్ళు బయటికొచ్చాయి, నేనే ఉలిక్కిపడ్డాను. ఇవి కాక నత్తలు, దారపు ముక్కల్లాంటివి, నాకు పేరు తెలియనివి బోలెడు.

పక్కనున్న ఫ్రెండ్ మాత్రం "అవన్నీ చేపల మేతరా, వాటికి అంతకు మించి పనేం లేదు" అని తేల్చేశాడు. నాకైతే ఆ జవాబు సరిపోలేదు. నా డౌట్లు రెండు. చేపల కడుపులోకి పోవడం తప్ప వీటివల్ల వాగుకి ఇంకేమైనా ఉందా, రేపు పొద్దున్నకల్లా ఇవన్నీ మాయమైతే ఎవరికైనా తెలుస్తుందా? ఇంకోటి, ఆ నీళ్ళు అద్దంలా ఉన్నాయి, అడుగు స్పష్టంగా కనిపిస్తోంది. నీళ్ళు అంత తేటగా ఉన్నాయంటే వాగు బాగున్నట్టే కదా?


బురదకాళ్ళు

మీరు చూసిన బల్లపరుపుది మేఫ్లై పిల్ల. గొట్టంలోది కాడిస్‌ఫ్లై డింభకం. ఆ గొట్టం దాని ఇల్లు, నోటి దగ్గర నుంచి వచ్చే పట్టుదారంతో రేణువుల్ని ఒక్కొక్కటే ఎంచి అతికించి కట్టుకుంటుంది. తడి మీద, పారే నీళ్ళ కింద అంటుకునే జిగురు అది. మనం ఇంట్లో వాడే జిగురు తడి రాయి మీద రాసి చూడండి, తేడా తెలుస్తుంది.

ఇక మీ మొదటి డౌటు. చెట్ల నీడలో పారే చిన్న వాగుని తీసుకోండి. ఎండ పడదు కాబట్టి అక్కడ నాచు, పాకుడు పెద్దగా పెరగవు. మరి ఇన్ని ప్రాణులు ఏం తిని బతుకుతున్నాయి? చాలావరకు పైనుంచి రాలిన ఆకుల్ని. కానీ రాలిన ఆకు నేరుగా ఎవరికీ పనికిరాదు, అట్టముక్కలా ఉంటుంది. నీళ్ళలో పడ్డ మొదటి ఒకటి రెండు రోజుల్లో దానిలో కరిగేదంతా డికాక్షన్ దిగినట్టు దిగిపోతుంది. తర్వాత బూజు, బ్యాక్టీరియా పడతాయి, ఆకు మెత్తబడుతుంది. అప్పుడు వస్తాయి ఆకుల్ని కత్తిరించి తినేవి: కొన్ని స్టోన్‌ఫ్లై (రాళ్ళ కింద ఉండే ఇంకో కీటకం) పిల్లలు, కొన్ని కాడిస్‌ఫ్లై డింభకాలు, చిన్న రొయ్యలాంటి జీవులు. వీటికి కొత్తగా రాలిన ఆకు, బూజు పట్టిన ఆకు రెండూ పక్కపక్కన పెడితే బూజు పట్టినదాని మీదికే పోతాయి, ఎందుకంటే అసలు బలం ఆ బూజులోనే ఉంది.

ఇక్కడ నాకు బాగా నచ్చే విషయం ఏంటంటే, ఇవి తిన్నదాంట్లో ఒంటికి పట్టేది కొంచెమే, మిగతాదంతా సన్నటి పొడిగా బయటికి వచ్చేస్తుంది. అంటే ఒక ఆకుని వేల తునకలు చేసి కిందికి వదులుతున్నాయన్నమాట. ఆ తునకల కోసం దిగువన వేరే గుంపు కాచుకుని ఉంటుంది. ఇంకో రకం కాడిస్‌ఫ్లై రాళ్ళ మధ్య సాలెగూడులాంటి వల కట్టి కొట్టుకొచ్చేవాటిని పడుతుంది. బ్లాక్‌ఫ్లై డింభకాలు తోక వైపు రాయికి కొక్కేల్లాంటివాటితో పట్టుకుని, తల దగ్గర రెండు విసనకర్రలు విప్పి నీళ్ళని వడకడతాయి. వీటి రెట్టలు మళ్ళీ ఇంకోళ్ళకి భోజనం. మధ్యలో రాయి మీద పాకుడు గీక్కుని తినేవి ఉంటాయి, మీ మూడు తోకలది ఆ బాపతే. వీటన్నిటినీ వేటాడేవి వేరే, తూనీగ పిల్లలు వగైరా.

ఏం తింటాయి అన్నది కాదు, ఎలా తింటాయి అన్నదాన్నిబట్టి వీటిని గుంపులు చేయాలని 1973లో కెన్నెత్ కమ్మిన్స్ అనే ఆయన రాశాడు, ఇప్పటికీ అదే వాడుకలో ఉంది. 1980లో ఆయనా, వానోట్ అనే ఆయనా, ఇంకొందరూ కలిసి నది పుట్టిన దగ్గర నుంచి కిందిదాకా ఈ గుంపుల పాళ్ళు ఎలా మారతాయో చెప్పారు. పైన నీడ వాగుల్లో ఆకులు కత్తిరించేవి ఎక్కువ, కాస్త వెడల్పయి ఎండ పడే చోట గీకేవి ఎక్కువ, బాగా దిగువన పెద్ద నదిలో పైనుంచి వచ్చిన పొడి ఏరుకునేవి ఎక్కువ. అంటే ఆ లెక్కన దిగువ నది తినే తిండిలో చాలావరకు ఎగువ వాగుల్లో నమిలి పంపినదే.


ఊరికేచూసేవాడు

ఒక్క మాట అడ్డం వస్తున్నా, తప్పుగా అనుకోకండి. ఆకుని కుళ్ళబెట్టేది బూజు, బ్యాక్టీరియా అని మీరే అన్నారు. అలాంటప్పుడు పురుగులకి ఇంత క్రెడిట్ ఎందుకు? అవి లేకపోయినా ఆకు కుళ్ళుతుంది కదా, కాకపోతే కాస్త ఆలస్యం అవుతుంది, అంతేగా. వాగుల్లో ఆకుల మీద పెరిగే ఈ బూజుల గురించి ఇంగోల్డ్ అనే శాస్త్రవేత్త 1942లోనే రాశాడు, వాటి బీజాలు కొన్ని నాలుగు చేతుల చుక్కల్లా ఉంటాయి, వాగు నురగలో బోలెడు దొరుకుతాయి. ఆ బూజుల్ని ఎవరూ పట్టించుకోరు, కంటికి కనిపించే పురుగుల్నే అందరూ పొగుడుతారు అని నా బాధ.


బురదకాళ్ళు

మీ బాధ న్యాయమైనదే, బూజు లేకపోతే పురుగుకి తిండి లేదు. కానీ "కాస్త ఆలస్యం, అంతేగా" అన్నది మాత్రం ఒప్పుకోను. ఎందుకంటే సరిగ్గా ఆ ప్రయోగమే చేసి చూశారు. అమెరికాలో నార్త్ కరోలినా కొండల్లో కొవీటా అని ఒక పరిశోధన అడవి ఉంది. 1980లో అక్కడ ఒక చిన్న వాగులో వాలెస్, ఆయనతో పనిచేసేవాళ్ళు కలిసి పురుగుమందు వదిలారు. వాగులోని కీటకాలు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. అది పురుగుల మందు, బూజు మందు కాదు. అయినా ఆకులు కరగడం బాగా నెమ్మదించింది, దిగువకి పోయే సన్నటి పొడి బాగా తగ్గిపోయింది. ఆకులన్నీ ఎక్కడివక్కడ పేరుకుని ఉన్నాయి, కిందికి పోవాల్సిన తిండి తగ్గింది. ఇప్పుడైతే ఎవరూ అలా మందు పోయనివ్వరేమో, నాకూ చదువుతుంటే మనసు ఒప్పలేదు, కానీ జవాబు మాత్రం తేటగా వచ్చింది.

అదే చోట తర్వాత ఉల్టా కూడా చేశారు. 1993 నుంచి ఇంకో వాగు మీద వల కప్పి ఆకులు పడకుండా ఆపేశారు. ఆకులు తినేవి తగ్గాయి సరే, వాటిని తినే వేటగాళ్ళూ తగ్గాయి. తమాషా ఏంటంటే, నాచు పట్టిన బండల మీద ఉండేవాటిలో మాత్రం పెద్ద తేడా రాలేదు, ఎందుకంటే వాటి బతుకు ఆకుల మీద అంతగా ఆధారపడలేదు.

ఇంకో చిన్న సవరణ నా మాటకే. పైన చెప్పిన కథ చల్లటి ప్రాంతాల అడవి వాగుల్లో రాసుకున్నది. వేడి ప్రాంతాల్లో చాలా చోట్ల ఆకులు కత్తిరించే కీటకాలు తక్కువ, ఆ పని రొయ్యలు, పీతలు, నత్తలు చేస్తుంటాయి. వేడికి బూజు, బ్యాక్టీరియా కూడా జోరుగా పనిచేస్తాయి. ఆ లెక్కన అక్కడ మీ మాటకి కాస్త ఎక్కువ మార్కులు వేయొచ్చు.


ఊరికేచూసేవాడు

సరే, సగం ఓడిపోయాను. మార్కులకి థాంక్స్.


తూనీగరెక్క

"చేపల మేత" అన్న మాటకి ఒకటి కలుపుతాను, అది చేపల దగ్గర ఆగిపోదు. ఈ పురుగుల్లో చాలావాటికి రెక్కలొస్తాయి. నెలల తరబడి నీళ్ళలో ఉండి, ఒక సాయంత్రం పైకి వచ్చి, తోలు వదిలి ఎగిరిపోతాయి. పెద్దయిన మేఫ్లైకి పనిచేసే నోరే ఉండదు. ఏమీ తినదు, జత కట్టి గుడ్లు పెట్టి చచ్చిపోవడమే. డొలానియా అనే రకంలో ఆడది రెక్కలొచ్చాక అయిదు నిమిషాలు కూడా బతకదు. అలా ఎగిరిన వాటిని పిట్టలు, గబ్బిలాలు, సాలీళ్ళు పట్టి తింటాయి.

జపాన్‌లో హొక్కైడో దీవిలో హొరొనాయ్ అనే వాగు ఉంది, నకానో షిగేరు అనే ఆయన అక్కడ ఏడాది పొడుగునా ఎవరు ఎవర్ని తింటున్నారో లెక్క తీశాడు. 2001లో వచ్చిన ఆ లెక్క ప్రకారం చుట్టుపక్కల అడవిలో పిట్టలకి ఏడాదంతా అందే శక్తిలో దాదాపు 26 శాతం వాగులోంచి ఎగిరొచ్చిన పురుగుల నుంచే. అటువైపు వాగులో చేపలకి 44 శాతం అడవి నుంచి నీళ్ళలో పడ్డ పురుగుల నుంచి. చెట్లు ఇంకా మోడుగా ఉండి అడవిలో పురుగులు దొరకని రోజుల్లో వాగు పిట్టల్ని ఆదుకుంటుంది, ఎండాకాలం అడవి చేపల్ని ఆదుకుంటుంది. చేబదుళ్ళ వ్యవహారంలాగా ఉంటుంది.

అదే మనిషి ఇంకో పని చేశాడు, వాగు మీద గ్రీన్‌హౌస్‌లాంటి కప్పు వేసి పైనుంచి పురుగులు పడకుండా ఆపాడు. చేపలు ఊరుకుంటాయా, అడుగున ఉన్నవాటి మీద పడ్డాయి. పాకుడు గీకేవి తగ్గిపోయాయి, వెంటనే రాళ్ళ మీద పాకుడు పెరిగిపోయింది. గులకరాయి గారూ, మీ రాయి పైన పాకుడు జారుడుగా ఉన్నా మందంగా పేరుకోలేదంటే, ఆ మూడు తోకల పురుగు డ్యూటీ చేస్తోందని లెక్క.


గులకరాయి

వామ్మో, ఇంత ఉందా. అన్నీ రెండుసార్లు చదివాను. మా ఫ్రెండ్‌కి లింక్ పంపాను, చూసి ఒక బొటనవేలు బొమ్మ పెట్టి వదిలేశాడు.

రెండో డౌటు మిగిలిపోయింది. తేట నీళ్ళ సంగతి. ఇంకా ఎక్కడో విన్నాను, ఎర్రపురుగులు కనిపిస్తే ఆ నీళ్ళు మురుగు అని. నిజమేనా?


త్రాసుముల్లు

ఇది నా ఏరియా, కొన్నేళ్ళు ఈ పురుగులు లెక్కపెట్టే పని చేశాను. ట్రేలో పోసుకుని, భూతద్దం పెట్టుకుని, మెడ పట్టేసేదాకా.

తేట నీళ్ళని నమ్మకండి. పురుగుమందు కలిసినా నీళ్ళు తేటగానే ఉంటాయి. బాటిల్లో పట్టి ల్యాబ్‌కి పంపిన నీళ్ళు కూడా పట్టిన నిమిషం సంగతే చెప్తాయి, రాత్రి ఎవరో ఏదో వదిలి పొద్దున్నకి అది కొట్టుకుపోతే ల్యాబ్‌కి తెలియదు. అడుగున ఉన్న పురుగు అక్కడే నెలల తరబడి ఉంటుంది, పెద్ద స్టోన్‌ఫ్లైలు కొన్ని రెండు మూడేళ్ళు నీళ్ళలోనే ఉంటాయి. అది బతికి ఉందంటే ఈ మధ్యలో ఘోరం ఏదీ జరగలేదని సాక్ష్యం.

జర్మనీలో కోల్క్‌విట్జ్, మార్సన్ అనే ఇద్దరు 1908, 1909లలోనే ఏ జీవి ఎంత మురుగు తట్టుకుంటుందో జాబితా వేశారు. బ్రిటన్‌లో 1970ల చివర్లో ఇంకా సులువైన పద్ధతి తెచ్చారు, జీవుల ఒక్కో కుటుంబానికి 1 నుంచి 10 దాకా మార్కులు, మురుగుని తట్టుకోలేనివాటికి ఎక్కువ. స్టోన్‌ఫ్లై కుటుంబాల్లో ఎక్కువవాటికి 10, సన్నటి వానపాము జాతికి 1, ఎర్రపురుగులుండే కైరొనోమిడ్ కుటుంబానికి 2. దొరికినవాటి మార్కులు కూడితే ఆ చోటు ఎలా ఉందో ఒక అంచనా వస్తుంది. మేఫ్లై కనిపించగానే శుభ్రం అనుకోకండి, మీరు చూసిన బల్లపరుపు కుటుంబానికి 10 అయితే, చిన్న చేపలా ఈదే ఇంకో మేఫ్లై కుటుంబానికి 4 మాత్రమే.

ఎర్రపురుగుల మాట సగం నిజం. ఎరుపు వాటి ఒంట్లో ఉన్న హీమోగ్లోబిన్ వల్ల, మన రక్తంలో ఉన్న బాపతే. ఆక్సిజన్ తక్కువున్న బురదలో కూడా లాగించేస్తాయి. స్టోన్‌ఫ్లై పిల్ల అలా కాదు, ఆక్సిజన్ తగ్గితే కాళ్ళ మీద లేస్తూ దిగుతూ దండాలు తీస్తుంది, ఒంటి చుట్టూ నీళ్ళు కదిలితే కాస్త ఊపిరి అందుతుందని. ట్రేలో నీళ్ళు వేడెక్కినప్పుడు అవి అలా చేస్తుంటే చూడలేక లెక్క ఆపేసి వాగులో వదిలేసిన రోజులున్నాయి. అయితే మంచి వాగులో కూడా ఏదో ఒక మూల ఎర్రపురుగులు ఉంటాయి, నాలుగు కనిపిస్తే టెన్షన్ పడొద్దు. ఎర్రపురుగులూ సన్నటి పాముల్లాంటివీ తప్ప ఇంకేమీ దొరక్కపోతే అప్పుడు అనుమానించాలి.

ఇంకో సంగతి జనానికి తట్టదు. మురుగు ఒక్కటే శత్రువు కాదు, ఉత్త మట్టి కూడా. ఎగువన నేల కోసుకుపోయి సన్నటి ఒండ్రు వచ్చి రాళ్ళ సందుల్లో నిండిపోతే, నీళ్ళలో విషం చుక్క లేకపోయినా వీటికి ఇల్లు పోయినట్టే. ఆ సందులే వాటి ఇళ్ళు. ఎక్కడిదాకా ఉంటాయో తెలుసా, అమెరికాలో మొంటానా రాష్ట్రంలో ఫ్లాట్‌హెడ్ నదికి 2 కిలోమీటర్ల దూరంలో ఉన్న బావుల్లో స్టోన్‌ఫ్లై పిల్లలు దొరికాయి, 1988లో అది అచ్చయింది. నేల కింద గులకరాళ్ళ పొరలో నది నీళ్ళు పారుతుంటే వాటి వెంట అక్కడిదాకా వెళ్ళాయి. అంటే పైకి కనిపించేది నదిలో కొంత భాగమే.


గులకరాయి

ఇంట్లో ల్యాబ్ లేనివాడు సొంతంగా ఏదైనా చూసుకోవాలంటే ఎలాగండి? ఊరికే రాళ్ళు తిరగేయడం కాకుండా.


త్రాసుముల్లు

సన్న కన్నాల వల అడుగుకి ఆనించి పట్టుకుని, దానికి ఎగువన నిలబడి కాళ్ళతో రాళ్ళు కదిలించండి, లేచినవి ప్రవాహంతో వలలోకి వస్తాయి. బ్రిటన్‌లో లెక్క మూడు నిమిషాలు. తెల్ల ట్రేలో పోసి చూడండి, నల్ల ట్రే అయితే సగం కనిపించవు. చూశాక అక్కడే వదిలేయండి. రాయి తిరగేస్తే మళ్ళీ అదే వైపు అదే చోట పెట్టండి, ఇది మాత్రం మర్చిపోవద్దు.


బురదకాళ్ళు

దీనికన్నా సరదాది ఒకటి ఉంది, ఆకుల సంచి. ఒకే చెట్టు ఎండుటాకులు రెండు సంచుల్లో సమానంగా వేయండి. ఒకటి అర మిల్లీమీటరు కన్నాలది, రెండోది వేలు పట్టేంత పెద్ద కన్నాలది. రెండూ రాయికి కట్టి వాగులో ఒకే చోట వదిలేయండి. చిన్న కన్నాల్లోంచి బూజు బీజాలు, బ్యాక్టీరియా పోతాయి, పురుగులు పట్టవు. ఊరికేచూసేవాడు గారి వాదనా నా వాదనా మీరే తేల్చేయొచ్చు.


గులకరాయి

ఆరు వారాల తర్వాత వస్తున్నాను, ఈ థ్రెడ్ ఎవరికైనా గుర్తుందో లేదో.

జతలు రెండు పెట్టాను. మధ్యలో వాన పడి పెద్ద కన్నాల సంచి ఒకటి తాడు తెగి పోయింది, దాని జోడీని కూడా లెక్కలోంచి తీసేశాను. మిగిలిన జత నిన్న బయటికి తీశాను. సన్న కన్నాల సంచిలో ఆకులు నల్లబడి, మెత్తబడి, ముట్టుకుంటే చీలిపోయేలా ఉన్నాయి, కానీ ఆకారం చెడలేదు, లెక్కపెడితే వేసినన్నీ ఉన్నాయి. పెద్ద కన్నాలదాంట్లో చాలావరకు ఈనెలే, దోమతెరలాగా. తూకం వేద్దామనుకున్నాను గానీ రెండిటికీ బురద పట్టేసింది, కాబట్టి అంకె చెప్పి అబద్ధం ఆడను. కంటికే తెలిసిపోతోంది.

తమాషా ఏంటంటే సన్న కన్నాల సంచిలో కూడా రెండు మూడు చిన్న ఎర్రపురుగులు ఉన్నాయి. అవెలా దూరాయి?


బురదకాళ్ళు

గుడ్డులోంచి అప్పుడే వచ్చినప్పుడు అవి వెంట్రుకంత కూడా ఉండవు, దూరిపోయి లోపల పెరిగి ఉంటాయి. మాకూ ప్రతిసారీ అదే గోల. పెద్ద కన్నాలదాంట్లో ఎవరు దొరికారు, అది చెప్పండి ముందు.


గులకరాయి

దులిపితే ట్రే నిండా. పేర్లు తెలియవు. ఒక్కటి మాత్రం గుర్తుపట్టాను, గొట్టం పురుగు, కానీ దీని ఇల్లు ఇసుకది కాదు, నేను వేసిన ఆకుల్లోంచే గుండ్రటి ముక్కలు కోసి కిందా పైనా అతికించుకుంది. ఎవరో పంచింగ్ మెషిన్‌తో కొట్టినట్టు ఆకులో ఆ కన్నాలు కూడా దొరికాయి. తిరిగి నీళ్ళలో వదలబోతే నా వేలు పట్టుకుని దిగనంటుంది. పావుగంట అలాగే చెయ్యి నీళ్ళలో పెట్టుకుని కూర్చున్నాను, ఫ్రెండ్ గట్టు మీద నిలబడి "ఇంకా ఎంతసేపురా" అని అరుస్తూనే ఉన్నాడు.